మా బీరువాలోనే ఉన్న కైఫీయత్తు: ఒక చెరువు చరిత్ర, ఒక పరిశోధన కేంద్రం

నాలుగేళ్ల కిందట ఒక జూనియర్ కాలేజీ చరిత్ర లెక్చరర్ మా కేంద్రానికి వచ్చారు. కడప జిల్లాలో తన అమ్మమ్మగారి ఊరి చెరువు ఫోటో ఫోన్లో చూపించారు. తూము పక్కన సగం మట్టిలో కూరుకుపోయిన రాయి, దాని మీద అరిగిపోయిన అక్షరాలు. "ఇది ఎవరు చదువుతారు సార్?" అని అడిగారు. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి రిజిస్టర్ చేసుకుని అప్పటికి పది నెలలైందట. గైడు మంచివాడే, కానీ ఆయన చదువుకున్నది ఆధునిక చరిత్ర. శాసనాలంటే ఆయనకీ కొత్తే.

నేను ఒక విశ్వవిద్యాలయ చరిత్ర పరిశోధన కేంద్రంలో రీసెర్చ్ ఆఫీసర్‌ని. చరిత్ర రాసేవాళ్లకి కాగితాలు, ఉత్తరాలు, చదివిపెట్టే మనుషులు సమకూర్చడం నా ఉద్యోగం. ఈ కేసు రాయడానికి కారణం అది గొప్పగా నడిచిందని కాదు. మేం చేసిన మంచి పని, మేం చేసిన పెద్ద తప్పు రెండూ ఇందులో ఒకేచోట ఉన్నాయి. ఊరి పేరు, ఆవిడ పేరు చెప్పను. రాయి ఇంకా ఆరుబయటే ఉంది. నిధి కోసం రాళ్లు పెకలించే పిచ్చి మన దగ్గర ఇంకా పోలేదు.

ఆవిడ ప్రశ్న ఒక్క ముక్కలో: ఈ చెరువు ఎవరు, ఎప్పుడు కట్టించారు, తరతరాలుగా ఎవరు బాగుచేస్తూ వచ్చారు? ఊళ్లో అడిగితే "రాయల కాలం నాటిది" అంటారు. రాయలసీమలో ఏ చెరువు గురించి అడిగినా వచ్చే జవాబు అదే. చాలాసార్లు నిజం కూడా. కానీ ఏ రాయలు, ఏ ఏడు అన్నది తేలాలంటే మూడు రకాల ఆధారాలు వెతకాలి. ఒకటి శాసనం, ఇంకొకటి కైఫీయత్తు, మూడోది ఇనాం రికార్డు, అంటే శిస్తు తగ్గించి ఇచ్చిన మాన్యం భూముల లెక్క. ఈ మూడూ మూడు వేర్వేరు ఆఫీసుల్లో, మూడు వేర్వేరు రాతల్లో ఉంటాయి. ఒక మనిషి సెలవురోజుల్లో ఒంటరిగా తిరిగి పట్టుకోగలిగేవి కావు.

కైఫీయత్తు అంటే తెలియనివాళ్లకి రెండు మాటలు. 1800లో దత్తమండలాలు, అంటే ఇప్పటి రాయలసీమ వైపు జిల్లాలు, నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి తన మనుషుల్ని ఊరూరా తిప్పాడు. ఊరి పుట్టుక, గుళ్లు, చెరువులు, మాన్యాలు, ఏలిన దొరలు, ఇవన్నీ కరణాల దగ్గరున్న కవిలెల (లెక్కల పుస్తకాల) నుంచి, పెద్దల నోటి నుంచి రాయించాడు. ఏలూరు నుంచి వెళ్లిన కావలి సోదరులు ఆ పనికి మొదటి వెన్నెముక. అన్నదమ్ముల్లో బొర్రయ్య 1803లోనే చనిపోతే, తమ్ముడు లక్ష్మయ్య ఆ పని ముందుకు నడిపించాడు. 1821లో మెకంజీ పోయాక ఆయన భార్య దగ్గర కంపెనీ ఆ మొత్తం సేకరణని లక్ష రూపాయలకి కొన్నది. కొంత లండన్ చేరింది, దక్షిణాది భాషలవి చాలావరకు మద్రాసు తిరిగొచ్చాయి. కాగితాలు పురుగుపట్టి పోతుంటే సి.పి. బ్రౌన్ తిరగరాత ప్రతులు చేయించాడు. ఇవాళ మనం చదివేవి చాలావరకు ఆ తిరగరాతలు, వాటి మైక్రోఫిల్ములు, వాటి టైపు ప్రతులు. కడపలో బ్రౌన్ బంగళా ఉన్న చోట లేచిన భాషా పరిశోధన కేంద్రం, ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం కింద ఉన్నది, కడప జిల్లా కైఫీయత్తుల్ని సంపుటాలుగా అచ్చువేసింది. ఆ పని లేకపోతే మా కేసు మొదలయ్యేదే కాదు. అచ్చుప్రతిలో ఆ ఊరి పేరు చూసే ఆవిడ రాయి వెతుక్కుంటూ వెళ్లారు.

అయితే అచ్చుప్రతితో ఎందుకు సరిపెట్టుకోలేదు? ఎందుకంటే అచ్చులో ఊరి పేరు పక్కఊరి కైఫీయత్తులో వచ్చిన రెండు వాక్యాలే. అసలు ఊరిది వేరే కాగితాల కట్టలో ఉందని సూచిక చెప్తోంది. ఆ కట్ట కావాలి.

ఉత్తరం

ఇక్కడ మా మొదటి పని ఒక ఉత్తరం. నవ్వకండి. పరిశోధకురాలు సొంతంగా రెండుసార్లు ఒక ప్రభుత్వ రికార్డుల ఆఫీసుకి వెళ్లి వచ్చారు. మొదటిసారి సంబంధిత అధికారి సెలవు. రెండోసారి "ఏ సంస్థ తరఫున వచ్చారు?" అన్నారు. కాలేజీ గుర్తింపు కార్డు చూపిస్తే అది చెల్లదన్నారు. మేం లెటర్‌హెడ్ మీద రాశాం. అందులో పరిశోధన అంశం ఒక్కటే కాదు, ఏ కట్ట, ఏ సంఖ్య, ఎన్ని పేజీలు, ఫోటో తీయాలా నకలు కావాలా, ఆ నకలు తర్వాత ఎక్కడ భద్రపరుస్తాం అన్నవీ రాశాం. ఇరవయ్యేళ్ల అనుభవంలో నాకు తెలిసిందేమంటే, "అన్ని సంబంధిత రికార్డులూ చూడనివ్వగలరు" అని రాసిన ఉత్తరానికి ఎవరూ బదులివ్వరు. అవతలివైపు ఉన్న గుమాస్తా ఏ అరలో చేయిపెట్టాలో తెలిస్తేనే కదులుతాడు. అలా రాయాలంటే సూచికలు తెలిసిన మనిషి సంస్థలో ఉండాలి. అయినా అనుమతికి నాలుగు నెలలు పట్టింది.

కేంద్రం ఆవిడకి ఇచ్చిన గ్రాంటు రెండేళ్లకి 1,20,000 రూపాయలు. ప్రయాణాలు, నకళ్ల రుసుము, శాసనం అచ్చు తీసే సామాను, రెండు రోజులు చెరువు కొలతలకి వచ్చిన కుర్రాళ్ల కూలి, అన్నీ అందులోంచే. మార్చి 31 లోపు ఖర్చుపెట్టకపోతే వెనక్కి పోతుంది. అనుమతి ఏప్రిల్‌లో వచ్చింది. మొదటి ఏడాది డబ్బులో సగానికి పైగా తిరిగి కట్టేశాం. పరిశోధనకి, ఆర్థిక సంవత్సరానికి ఏనాడూ పొత్తు కుదరదు.

రాయి

శాసనం చదవడానికి ఫోటో చాలదు. ఎండ ఏటవాలుగా పడితే కొన్ని అక్షరాలు లేస్తాయి, కొన్ని దాక్కుంటాయి. పాత పద్ధతే మేలు. రాయిని కొబ్బరిపీచు బ్రష్షుతో కడిగి, తడిపిన కాగితం పరిచి, గట్టి కుచ్చు బ్రష్షుతో కొట్టి, అక్షరం గుంటల్లోకి కాగితం దిగాక మసి సిరా అద్దుతారు. అక్షరాలు తెల్లగా, రాయి నల్లగా కాగితం మీదికి వస్తుంది. దాన్నే ఎస్టాంపేజ్ అంటాం. పురావస్తు సర్వే శాసన విభాగం 1880ల నుంచీ ఇలాగే తీస్తోంది. ఇప్పుడు మైసూరులో ఉన్న ఆ ఆఫీసులో వేల రాళ్ల కాగితపు రూపాలు ఉన్నాయి. అసలు రాయి పగిలి గోడలోకి పోయినా ఆ కాగితం మిగిలింది.

ఊళ్లో మేం ఆ పని చేస్తుంటే గొర్రెలు తోలుకొచ్చిన పెద్దాయన ఒకరు కాసేపు నిలబడి చూశారు. "రాయి మీద కాయితం అతికిస్తాండారే, ఏం సామీ, ఓట్లు వచ్చినాయా?" అన్నారు. లెక్చరరమ్మ విషయం చెప్పాక ఆయనే చెరువు కట్ట అవతల, కంపల్లో ఇంకో రాతిముక్క చూపించారు. అది ఈ రాతికే పైభాగం. ఆ సాయంత్రం మా జీపు డ్రైవరు, ఆయన, నేను కలిసి కంప కొట్టాం. సంస్థ ఇచ్చే శిక్షణలో ఇది ఉండదు కానీ, ఊరివాళ్లతో ఐదు నిమిషాలు మాట్లాడకుండా రాయి దగ్గరికి వెళ్లొద్దని మాత్రం ఇప్పుడు వచ్చే పిల్లలకి చెప్తున్నాను.

రాయి మీద నిలిచింది కొంచెమే. బిరుదులు ఉన్నాయి, రాజు పేరు పగిలిపోయి చివరి "త" అక్షరం, తర్వాత "దేవ మహారాయ" మిగిలాయి. శక సంవత్సరం ఉన్న చోటు పూర్తిగా పెచ్చు లేచిపోయింది. "విజయ సంవత్సర" అన్నది స్పష్టంగా ఉంది. మాసం, తిథి చదవగలిగాం. వారం దగ్గర ఒక్క అక్షరం.

గురువారాలు

నాలుగు నెలల తర్వాత కైఫీయత్తు నకలు వచ్చింది, 11 పేజీలు. ఆవిడ అదే రోజు ఫోన్ చేశారు. "సార్, ఇది తెలుగేనా?" అన్నారు. గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా అక్షరాన్ని అక్షరంతో అల్లుకుంటూ పోతుంది. మాటకీ మాటకీ మధ్య జాగా ఉండదు. దానికి తోడు పార్సీ, ఉర్దూ రెవెన్యూ మాటలు తెలుగు విభక్తులు తొడుక్కుని నడుస్తుంటాయి: జమాబందీ, మొఖాసా, దస్తరం, ఫసలీ. తెలుగు ఎమ్మే చదివినవాళ్లకీ మొదటి నెల తల తిరుగుతుంది.

మా కేంద్రంలో ప్రతి గురువారం మధ్యాహ్నం మూడు గంటలకి పాత రాత చదువుకునే బృందం ఒకటి ఉంది. పేరు పెద్దగా ఏం లేదు, "గురువారం" అంటాం అంతే. రిటైరైన తెలుగు పండితులొకరు, కరణీకం చేసిన కుటుంబం నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఇద్దరు ముగ్గురు పరిశోధక విద్యార్థులు, నేను. ఒక పేజీ గోడ మీద వేసి, ఒక్కో వాక్యం ఒకరు చదవాలి. తప్పు చదివితే ఇంకొకరు ఆపాలి. ఎవరికీ జీతం లేదు. టీ ఖర్చు నాది. సంస్థ ఇచ్చింది గది, ప్రొజెక్టరు, ముఖ్యంగా ఆ వేళని ఎవరూ వేరే మీటింగుకి లాక్కోకుండా ఉండే హామీ. నన్నడిగితే మా కేంద్రం చరిత్రకి చేసిన అసలు సాయం ఈ గంటన్నరే.

ఆ గురువారాల్లో రెండు సంగతులు బయటపడ్డాయి. రెండూ చిన్నవి. రెండూ సిద్ధాంత గ్రంథాన్ని తలకిందులు చేశాయి.

మొదటిది తూము. కైఫీయత్తులో ఒకచోట చెరువు గురించి చెప్తూ తూములు రెండు అని వస్తుంది. ఆవిడ దాన్ని చెరువుకి రెండు తూములు ఉండేవని తీసుకున్నారు. మన ఊళ్లో చెరువు గురించి మాట్లాడుతూ తూము అంటే నీళ్లు వదిలే దారే కదా. కానీ చెరువు దగ్గర ఉన్నది ఒకటే. రెండోది పూడిపోయిందని, ఆయకట్టు ఒకప్పుడు ఉత్తరం వైపు కూడా పారేదని ఆవిడ ఒక ఊహ చేసి, దాని మీద పన్నెండు పేజీలు రాశారు. మా విశ్వవిద్యాలయంలోనే సివిల్ విభాగంలో పనిచేసి రిటైరైన ప్రొఫెసరుగారిని బతిమాలి తీసుకెళ్లాం. ఆయన కట్ట వెంట రెండు రోజులు నడిచి, లెవెల్స్ తీసి, ఉత్తరం వైపు నేల ఎత్తు, నీళ్లు అటు ఎక్కవు అని తేల్చేశారు. ఆవిడ మొహం చిన్నబోయింది.

తర్వాతి గురువారం కరణాల ఇంటి పెద్దాయన ఆ వాక్యం మళ్లీ చదివించుకుని, "అమ్మా, ఇది నీళ్ల తూము కాదు, గింజల తూము" అన్నారు. నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. పాతకాలంలో భూమిని కూడా ఎంత విత్తనం పడుతుందో దాన్నిబట్టే చెప్పేవాళ్లు. అంటే అక్కడ చెప్తున్నది చెరువు నీరుగంటికి, అంటే పొలాలకి నీళ్లు వదిలే మనిషికి, ఇచ్చిన రెండు తూముల మాన్యం. వాక్యం ముందు సగం వేరే పేజీ చివర్లో ఉంది, నకలు తీసినప్పుడు అంచు తెగిపోయింది. రెండు పేజీలు పక్కపక్కన పెడితే చిక్కు విడిపోయింది.

రెండోది గీతలు. పాత తెలుగు లెక్కల్లో అంకె పక్కన నిలువు గీతలు పెడితే కాలు వంతులు, అడ్డ గీతలు పెడితే వీసాలు, అంటే పదహారో వంతులు. ఒక నిలువు గీత కాలు, రెండైతే అర, మూడైతే ముక్కాలు. మనం ఇప్పుడు చూస్తే అది వాక్యం చివర పెట్టే దండంలా కనిపిస్తుంది. ఆవిడ ఎక్సెల్‌లో వేసిన మాన్యాల పట్టికలో ఒక్క భిన్నం కూడా లేదు. అన్నీ నిండు అంకెలే. పండితులవారు పట్టిక చూసి, "ఈ ఊళ్లో ఎవరికీ అరా, పావూ లేవా తల్లీ?" అని అడిగితే గానీ మాకు తట్టలేదు. మళ్లీ మొదటినుంచి వేస్తే మాన్యాల మొత్తం ఊరి భూమి మొత్తంతో సరిపోయింది. అంతకుముందు తేడా వస్తుంటే అది కరణం మోసమని ఆవిడ ఒక పేరా రాసి ఉన్నారు. ఆ పేరా తీసేయించినప్పుడు కరణాల ఇంటి పెద్దాయన ఏం అనలేదు గానీ, ఆ రోజు టీ డబ్బులు ఆయనే ఇచ్చారు.

విజయ నామ సంవత్సరం

కైఫీయత్తు ఈ చెరువుని అచ్యుతరాయలవారి కాలంలో, శక 1515 విజయ సంవత్సరంలో కట్టినట్టు చెప్తుంది. శకానికి 78 కలిపితే 1593. ఆ ఏటికి విజయ అన్న పేరు సరిపోతుంది. కానీ అచ్యుతదేవరాయలు ఏలింది 1529 నుంచి 1542 దాకా. 1593లో ఉన్నది వేంకటపతి రాయలు. ఆవిడ ఏం చేశారంటే, అంకెని నమ్మి పేరుని వదిలేశారు. ఊరివాళ్లు పెద్ద రాజు పేరు తగిలించుకుని ఉంటారు అన్నది ఆవిడ వాదన. మొదటి అధ్యాయం మొత్తం 1593 మీద కట్టారు. తల్లికోట యుద్ధంలో విజయనగరం ఓడిపోయిన తర్వాత కూడా చెరువులు కట్టే ఓపిక రాయలసీమలో మిగిలిందని ఒక అందమైన వాదన. గైడుకీ నచ్చింది. నాకూ నచ్చింది, ఒప్పుకుంటున్నాను.

ఇక్కడ అరవై ఏళ్ల చక్రం చేసే తమాషా తెలియాలి. విజయ 27వ సంవత్సరం. 1593 విజయ అయితే, దానికి సరిగ్గా అరవై ఏళ్ల ముందు 1533 కూడా విజయే. శక 1455. అది అచ్యుతరాయల కాలంలో పడుతుంది. అంటే సంవత్సరం పేరు సరిపోయిందా అని చూసే మామూలు పరీక్ష ఇక్కడ పనికిరాదు, రెండింటికీ సరిపోతుంది. రాయి మీద మిగిలిన "త" అక్షరం అచ్యుతకి సరిపోతుంది, వేంకటపతికి సరిపోదు. ఒక్క అక్షరం మీద అధ్యాయం మార్చమనడానికి నాకు ధైర్యం చాలలేదు. అప్పుడు స్వామికన్ను పిళ్లై 1922లో అచ్చువేసిన పంచాంగ పట్టికలు తీశాం. రాయి మీది మాసం, తిథి 1533లో ఏ వారం పడ్డాయి, 1593లో ఏ వారం పడ్డాయి అని చూశాం. వారం దగ్గర మిగిలిన అక్షరం 1533కే కలిసింది. "త" చెప్పింది, వారమూ అదే చెప్పింది.

మరి కైఫీయత్తులో 1515 ఎక్కడిది? అంకె పొరపాటుగా రాస్తే సరిగ్గా అరవై తేడా రాదు. నా అంచనా ఇది: ఊరి కవిలెలోనో నోటిమాటలోనో మిగిలింది రాజు పేరు, విజయ అన్న పేరు. శకం లెక్క కట్టి తర్వాత ఎవరో చేర్చారు, చేర్చేటప్పుడు ఒక చుట్టు దగ్గరికి జరిగిపోయారు. ఇది రుజువు కాదు. సిద్ధాంత గ్రంథంలో కూడా అంచనా అనే రాయించాం.

ఇదే జిల్లాలో పోరుమామిళ్ల చెరువు శాసనం ఉంది, 1369 నాటిది, బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించినది. చెరువుకి కావాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో ఉన్నాయి. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం కూడా ఒక దోషమే. ఈ రోజు నదుల పంచాయితీలు చూసేవాళ్లకి అది వేరే చెప్పక్కర్లేదు. రోజుకి వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క కూడా ఉంది. దాన్ని ఎపిగ్రాఫియా ఇండికా అనే శాసనాల పత్రిక 14వ సంపుటంలో సరిచూసి అచ్చువేసింది వి.ఎస్. సుక్తంకర్. అప్పటికి ఆయన పురావస్తు సర్వే ఉద్యోగి. తర్వాత 1925లో పుణేలో భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థకి వెళ్లి మహాభారత పరిష్కరణకి ప్రధాన సంపాదకుడయ్యారు. 1919లో మొదలైన ఆ పని 1966లో ముగిసింది. సుక్తంకర్ 1943లోనే పోయారు. ఆయన తర్వాత బెల్వల్కర్, ఆ తర్వాత వైద్య అదే పాఠపట్టికలు పట్టుకుని నడిచారు. ఒక మనిషి పోయినా కాగితం దొరికేలా ఉంచడం వల్లే అది సాధ్యమైంది. లెక్చరరమ్మకి ఈ కథ నేను చాలా ఉత్సాహంగా చెప్పాను. చెప్పిన మూడో వారానికి మా బీరువా కథ బయటపడింది.

బీరువా

కేంద్రంలో గోడలకి సున్నం వేయాలని బీరువాలు జరిపారు. మూలనున్న ఇనప బీరువాకి తాళంచెవి లేదు. బద్దలుకొట్టారు. అందులో పాత ప్రశ్నపత్రాల కట్టలు, విరిగిన ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు, వాటి కింద అట్ట వేసిన పద్నాలుగు నోటుపుస్తకాలు. 1990ల్లో మా కేంద్రమే నడిపిన ఒక ప్రాజెక్టులో, ఇప్పుడు లేని ఒక పండితులు మద్రాసు వెళ్లి కూర్చుని చేతిరాతతో ఎత్తి రాసుకున్న కైఫీయత్తులు. ఆరో పుస్తకంలో ఈ చెరువున్న ఊరిది ఉంది. మొత్తం, పేజీ అంచు తెగకుండా.

నాలుగు నెలల అనుమతి, ఆర్నెల్ల గురువారాలు. ఆ సాయంత్రం నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆయన నిలువు గీతలు, అడ్డ గీతలు ఉన్నవి ఉన్నట్టు దించారు. మాన్యం తూములు దగ్గర "కొలత" అని పక్కన రాసుకున్నారు. శక 1515 దగ్గర పెన్సిల్‌తో "శకం అనుమానం, అచ్యుతుడైతే ఒక చక్రం వెనక్కి" అని ఉంది. రాయి చూడకుండానే పట్టుకున్నారు. మా చదువు పూర్తిగా వృథా కాలేదు. రెండుచోట్ల ఆయన చుక్కలు పెట్టి వదిలేసిన మాటలు మేం చదవగలిగాం. ఒకచోట ఆయన పాఠం, మా పాఠం కలవలేదు. ఇప్పటికీ తేలలేదు, రెండూ ఇచ్చాం.

ఎందుకు మర్చిపోయాం? ప్రాజెక్టు ముగిసింది, దాన్ని నడిపిన ఆచార్యులు రిటైరయ్యారు, నివేదిక ఇరవై పేజీలు పై ఆఫీసుకి వెళ్లింది, పుస్తకాలు బీరువాలోకి వెళ్లాయి. అయినా ఎక్కడో ఒకచోట నమోదవ్వాలి కదా. లైబ్రరీ యాక్సెషన్ రిజిస్టరు తీశాను. అందులో గడులు: సంఖ్య, తేదీ, రచయిత, పేరు, ప్రచురణకర్త, బిల్లు నంబరు, వెల. నోటుపుస్తకానికి ప్రచురణకర్త లేడు, బిల్లు లేదు, వెల లేదు. అంటే రిజిస్టరు దృష్టిలో ఆ వస్తువే లేదు. పాత లైబ్రేరియన్ని ఫోన్లో అడిగితే, "అవి తెచ్చి ఇచ్చారు బాబూ, వెల లేనిది ఎక్కించకూడదు, ఆడిట్‌లో అడుగుతారు" అన్నారు. ఆయన తప్పేం లేదు.

సంస్థ గుర్తుపెట్టుకుంటుంది అని మేం బయట చెప్పుకునేది. మనుషులు గుర్తుపెట్టుకుంటారు, వాళ్లు రిటైరవుతారు. సంస్థ గుర్తుపెట్టుకోవాలంటే దానికి ఒక గడి ఉండాలి.

తేలినవి, తేలనివి

ఆవిడ ప్రశ్నలో రెండో సగం, చెరువుని ఎవరు బాగుచేస్తూ వచ్చారన్నది, దశబంధం మాన్యాల మీద నిలబడింది. కడప వైపు చెరువు కట్టించినవాళ్లకో, బాగుచేసే బాధ్యత తీసుకున్నవాళ్లకో ఈ మాన్యం ఇచ్చేవాళ్లు. ఫలానా భూమి విడిగా ఇస్తే ఖండం దశబంధం, ఆయకట్టు మొత్తం శిస్తులో వంతు తగ్గిస్తే షామిలాతు దశబంధం. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసినప్పుడు ఇలాంటివన్నీ విచారించి రిజిస్టర్లలో ఎక్కించారు. ఆ ఊరి చెరువు దశబంధం 1860ల రిజిస్టరులో ఒక కుటుంబం పేరు మీద ఉంది, మరమ్మతు చేసే షరతుతో. కైఫీయత్తులో కూడా దశబంధం ఉంది, కానీ వేరే పేరు మీద. ఈ రెండిటి మధ్య యాభై ఏళ్లు. శాసనానికీ కైఫీయత్తుకీ మధ్య దాదాపు మూడు వందల ఏళ్లు, ఒక్క కాగితం లేదు.

ఆవిడకి ఇది బాధ. ఆ 1860ల కుటుంబం వారసులు ఇప్పటికీ ఊళ్లో ఉన్నారు, మా ముత్తాతలే చెరువు కట్టారు అంటారు, ఆవిడ వాళ్లింట్లో భోజనం కూడా చేశారు. వాళ్లకి నచ్చేలా గొలుసు కలిపేయాలని ఆవిడకి ఎంత అనిపించిందో నాకు తెలుసు. మా దగ్గర జరిగిన చిన్న సెమినార్లో ఒక ఎంఏ విద్యార్థి లేచి, "1533కీ 1860కీ మధ్య ఏముంది మేడమ్?" అని అడిగాడు. ఆవిడ "ఖాళీ" అన్నారు. గ్రంథంలో కూడా ఒక పేజీకి ఆ పేరే పెట్టారు. గైడు ఒప్పుకోలేదు, "అందుబాటులో లేని ఆధారాలు" అని మార్పించారు. నాకు మొదటిదే ఇష్టం.

గ్రంథం సమర్పించి ఏడాదైంది. ఊరి పంచాయతీ ఆఫీసులో ఒక ప్రతి ఉంది. దానికంటే ఎస్టాంపేజ్ నకలుకే గిరాకీ ఎక్కువ, అద్దం బిగించి గోడకి పెట్టారు. తూము దగ్గరి రాయి చుట్టూ యువకులు సిమెంటు గట్టు కట్టారు. మంచిదే, కానీ కింది రెండు వరుసలు సిమెంటులోకి పోయాయి. మా కాగితంలో అవి ఉన్నాయి.

మా వైపు మారినది ఒక్కటే. "వెల లేనివి" అని పేరు రాసి ఒక కొత్త రిజిస్టరు పెట్టాం. వెల గడి అందులో లేదు. దాని బదులు ఎవరు చేశారు, ఎక్కడ చూసి చేశారు, ఎక్కడ అనుమానం మిగిలింది అన్న గడులు ఉన్నాయి. మొదటి పద్నాలుగు ఎంట్రీలు బీరువాలో దొరికిన పుస్తకాలు. తర్వాత ఎస్టాంపేజ్, చెరువు లెవెల్స్ పట్టిక, గురువారాల్లో చదివిన పాఠం ఏ రోజు ఎవరు ఏం దిద్దారో సహా. ఆడిట్‌కి వచ్చినాయన దాన్ని తిరగేసి, ఇది స్టాకు రిజిస్టరు కాదు కదా అని పక్కన పెట్టేశారు. హమ్మయ్య అనుకున్నాను.

ఆవిడ తన కాగితాలన్నీ తెచ్చి ఇచ్చారు, కొట్టివేతలతో సహా. నేను రాస్తూ పోతుంటే 47వ ఎంట్రీ దగ్గర పెన్ను తన చేతిలోకి తీసుకున్నారు. "మొదటి అధ్యాయం, చెరువు కాలం 1593 అని, 38 పేజీలు" అన్నంతవరకు నా రాత. తర్వాత కామా పెట్టి "తప్పు" అన్నది ఆవిడ రాత.